విమానముల నమ్మిన విలియం లియర్

ఐశ్వర్యవంతునికి సైతము కొరతపడు వస్తువు కాలమే యని గుర్తించి, దానినే యమ్మజూపినవాడు విలియం లియర్. ఈతడు 1902లో అమెరికాయందలి హానిబల్ పట్టణమున జన్మించెను. ఎనిమిదవ తరగతితో చదువు చాలించి, మోటారుకార్ల రేడియోలవలనను, విమాన పరికరములవలనను ధనము గడించెను. వ్యాపారప్రముఖుల కొఱకు చిన్న జెట్టు విమానమును నిర్మింతమనగా కంపెనీ డైరెక్టర్లు సమ్మతింపలేదు. అంతట 1962లో తన వాటాల నమ్మివేసి, స్విట్జర్లండు యుద్ధవిమాన మొకదాని రెక్కల తీరును గైకొని, విచిటా నగరమున పనికి పూనుకొనెను. 1963 అక్టోబరు 7న విమానము గాలిలోనికి లేచెను. మరుసటి జూనులో ప్రభుత్వ పైలటు పరీక్షించుచుండగా నది నేలగూలి దగ్ధమయ్యెను; ప్రాణనష్టము కలుగలేదు. విచిత్రమేమనగా, ఆ భీమా సొమ్మే కర్మాగారమున కక్కరకు వచ్చినది.

అందు నిటారుగ నిలుచుటకైన చోటు లేదు. ఐనను గంటకు 500 మైళ్లు మించిన వేగము! దూరనగరమున వ్యవహారము చక్కబెట్టుకొని రాత్రి భోజనమునకు ఇల్లు చేరవచ్చును. వెల ఐదు లక్షల డాలర్లకు పైమాట. కొన్నంతమాత్రమున తీరునా? ఏనుగును కొన్నవానికి మేత బెంగవలె, పైలట్ల జీతములు, షెడ్డు, మరమ్మతులు, యంత్రములు మ్రింగు చమురు వెన్నంటి వచ్చును. అనుభవము చాలని చేతులలో కొన్ని కూలెను కూడ. 1966లో గిరాకి తగ్గగా, 1967లో లియర్ తన వాటాను గేట్స్ రబ్బరు కంపెనీకి విక్రయింపవలసి వచ్చెను. 1978లో మరణించునాటికి వేఱొక విమానపు నమూనాపై పనిచేయుచునే యుండెను. ఆతని పేరిటి జెట్టుల నిర్మాణము 2022లో నిలిచిపోయినది.