ముద్దాయి పక్కన నిలబడిన ప్రకాశం పంతులు గారు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు నాకు వేరే పేరు తోచలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు గారిని ఆంధ్రకేసరిగా, ముఖ్యమంత్రిగా అందరూ ఎరుగుదురు. నేను మాత్రం ఆయనను ముందుగా ఒక క్రిమినల్ లాయరుగా తెలుసుకున్నాను. అది నేను స్వయంగా ముద్దాయినై బోనెక్కిన రోజులలో.

1976లో నాకు ఇరవై ఎనిమిదేళ్లు. విస్సన్నపేటలో కాపురం. ఒక ఆఫీసులో గుమాస్తాగా క్యాష్ పుస్తకం వ్రాసేవాడిని. తనిఖీలో 1,140 రూపాయలు తేడా వచ్చింది. ముందు సస్పెండ్ చేశారు, తర్వాత డబ్బు కాజేశానని కేసు పెట్టారు. నిన్నటి వరకు పలకరించినవారు బజారులో తల తిప్పుకుని పోయేవారు. నా తరఫున వాదించడానికి ఒప్పుకున్న వృద్ధ ప్లీడరు గారు మొదటి రోజు ఫీజు మాట ఎత్తలేదు. రసీదు పుస్తకాలు, చలానాల నకళ్లు సంపాదించుకు రమ్మన్నారు. నేను లేచి వస్తుంటే ఒక పాత పుస్తకం చేతిలో పెట్టారు. అది ప్రకాశం గారి స్వీయచరిత్ర, నా జీవిత యాత్ర. ఆ రాత్రి దీపం పెట్టుకుని చదివాను.

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు చేరదీసి రాజమండ్రి తీసుకువెళ్లి చదివించారు. నాటకాలలో ఆడవేషాలు వేసిన ఆ కుర్రవాడే సెకండ్ గ్రేడ్ ప్లీడరయి, రాజమండ్రిలో మంచి పేరు తెచ్చుకుని, పురపాలక సంఘ అధ్యక్షుడయ్యారు. అయితే సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి 1904లో ఇంగ్లండు వెళ్లారు. మద్యం, మాంసం, పొగ ముట్టనని తల్లికి మాట ఇచ్చి వెళ్లి, బారిస్టరై 1907లో మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు.

అప్పటికి మద్రాసు నగరం అర్బత్‌నాట్ కంపెనీ దివాలా దెబ్బ నుండి తేరుకోలేదు. 1906 అక్టోబరులో ఆ కంపెనీ మూతపడి, దాచుకున్న సొమ్ము పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో. దాని యజమాని సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కు జైలు శిక్ష కూడా పడింది. కలంతో, లెక్కల పుస్తకంతో చేసే నేరం ఎంతమంది కొంప ముంచుతుందో ఆ నగరం చూసింది. అందుకే అటువంటి నేరం మోపబడిన మనిషిని లోకం త్వరగా క్షమించదు. నిజంగా చేశాడా లేదా అని ఆగి అడిగేవాడు ఒక్క లాయరే. ఇది నేను అనుభవించి తెలుసుకున్న సంగతి.

ప్రకాశం గారు అలా ఆగి అడిగిన లాయరు. 1907లో బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చినప్పుడు సభలకు అధ్యక్షత వహించడానికి పెద్దలు జంకితే తాను ముందుకు వచ్చారు. 1911 జూన్ 17న మణియాచ్చి రైల్వే జంక్షనులో తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ను వాంఛి అయ్యర్ కాల్చి చంపి, తానూ కాల్చుకుని మరణించాడు. కుట్ర చేశారని పద్నాలుగు మంది మీద కేసు నడిచింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తితో సహా ముగ్గురు జడ్జీలు విచారించారు. చనిపోయినవాడు తెల్ల కలెక్టరు, విచారించేది తెల్ల ప్రభుత్వం. అయినా ముద్దాయిల తరఫున నిలిచిన లాయర్లలో ప్రకాశం గారు ఒకరు. మొదటి ముద్దాయి నీలకంఠ బ్రహ్మచారికి ఏడేళ్ల కఠిన శిక్ష పడింది గాని, ఎవరికీ ఉరి పడలేదు.

ప్రాక్టీసు పెరిగింది, లక్షలు వచ్చాయి. సరిగ్గా ఆ దశలో, 1921లో, గాంధీగారి పిలుపుతో కోర్టు వదిలేశారు. అదే ఏడాది స్వరాజ్య పత్రిక పెట్టారు. సంపాదించినదంతా దానిలోనే కరిగిపోయింది. నల్లకోటు తీసివేసినా ఆయనలోని లాయరు మాత్రం పోలేదు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో ప్రజలు వీధిలోకి వస్తే పోలీసులు కాల్చారు. చనిపోయిన వ్యక్తి శవాన్ని చూసి తీరాలని ప్రకాశం గారు బయలుదేరారు. అడ్డగించిన తుపాకుల ముందు చొక్కా తొలగించి ఛాతీ చూపారు. జరిగింది కళ్లారా చూడాలన్న పట్టుదల మంచి లాయరు లక్షణమే కదా!

1937లో రెవెన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులై రైతుల పక్షాన నివేదిక ఇచ్చారు. మా నూజివీడు వైపు జమీందారీ రైతులకు అది ఎంత ఆశ కలిగించిందో పెద్దలు చెప్పగా విన్నాను. 1946లో మద్రాసు ప్రధాని, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1954లో అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. లక్షలు ఆర్జించిన ఆ చేతులలో చివరికి ఆస్తి ఏమీ మిగలలేదు.

ఇక నా కేసు. నెలాఖరున ట్రెజరీలో జమచేసిన ఒక చలానాను నేను క్యాష్ పుస్తకంలో ఎక్కించలేదు. తప్పు నాదే, దొంగతనం మాత్రం కాదు. ఆ కాగితం వెతికి పట్టుకునే దాకా ప్లీడరు గారు నన్ను విశ్రాంతి తీసుకోనివ్వలేదు. 1978లో కేసు కొట్టివేశారు, ఉద్యోగం తిరిగి వచ్చింది. పుస్తకం తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు, ఇంకొకరికి అవసరం పడినప్పుడు ఇమ్మన్నారు.

మన పెన్షనర్ల వ్యాజ్యం పని మీద హైకోర్టుకు ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ మాట గుర్తుకు వస్తుంది. మనలో, మన పిల్లలలో ఎవరి మీదనైనా ఆఫీసులో వేలు చూపించినప్పుడు మనం కూడా తల తిప్పుకోకుండా, కాగితాలు చూద్దాం పదమని పక్కన నిలబడదాం. పుస్తకం నా దగ్గరే ఉన్నది. కావలసినవారు మా ఇంటికి వచ్చి తీసుకువెళ్లవచ్చు.