పదిహేడున్నర గంటల లెక్క

రామగుండంలో మన బొగ్గుతో తయారైన కరెంటు 400 కేవీ లైన్లెక్కి ఎక్కడెక్కడికో పోతుంది. ఆ లైన్లకు పిడుగుల భయం ఉందని అందరికీ తెలుసు. సూర్యుడి భయమూ ఉందని తెలిసినవాళ్లు తక్కువ. 1989 మార్చి 13న సౌర తుపాను దెబ్బకు కెనడాలోని క్యూబెక్ గ్రిడ్ నిమిషంన్నరలో కూలిపోయింది. 60 లక్షల మంది దాదాపు 9 గంటలు చీకట్లో గడిపారు. ధ్రువాలకు దూరంగా ఉన్నాం కాబట్టి మనకు ఆ ముప్పు తక్కువే, లేదని మాత్రం కాదు. ఇలాంటి తుపాను సూర్యుడి దగ్గర బయల్దేరి ఎంతసేపట్లో భూమిని చేరుతుందనే లెక్కకు తొలి ఆధారం ఇచ్చింది రిచర్డ్ కారింగ్టన్ అనే ఇంగ్లిష్ బీరు వ్యాపారి కొడుకు.

1826లో లండన్‌లో పుట్టాడు. చర్చి కొలువు కోసమని కేంబ్రిడ్జికి పంపితే, అక్కడి ఖగోళ పాఠాలు విని మనసు అటు మళ్లింది. 1849లో డరమ్ యూనివర్సిటీ అబ్జర్వేటరీలో ఉద్యోగం వచ్చింది. మంచి పరికరాలు అడిగాడు, రాలేదు. 1852లో రాజీనామా చేసేశాడు. ఇంట్లో డబ్బుంది కాబట్టి చెల్లింది లెండి, మనలో ఎంతమందికి కుదురుతుంది?

ఆ డబ్బుతోనే రెడ్‌హిల్‌లో సొంత అబ్జర్వేటరీ కట్టుకున్నాడు. 1853 నుంచి ఎండ కాసిన రోజల్లా టెలిస్కోపుతో సూర్యబింబాన్ని తెర మీద పడేసి, మచ్చలు ఎక్కడున్నాయో గీసుకోవడమే పని. 1858లో తండ్రి పోయి వ్యాపారం నెత్తిన పడ్డా గీయడం మానలేదు.

1859 సెప్టెంబరు 1, ఉదయం 11:18. గీస్తున్న మచ్చల గుంపు మీద రెండు చోట్ల తెల్లటి వెలుగు భగ్గుమంది. పరికరంలో లోపమేమో అనుకున్నాడు, కాదు. సాక్షి కోసం పరిగెత్తి నిమిషంలోపే తిరిగొచ్చేసరికి వెలుగు సగం చచ్చిపోయింది. మొత్తం అయిదు నిమిషాల ముచ్చట. అదృష్టం కొద్దీ అదే వెలుగును రిచర్డ్ హాడ్జ్‌సన్ వేరే చోటి నుంచి చూశాడు, లేకపోతే నమ్మేవాళ్లెవరు?

మర్నాడు తెల్లవారుజామున అయిదు కావస్తుండగా భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైంది. గనుల లెక్కలో చెప్పాలంటే రెండు షిఫ్టులు అయిపోయి మూడోది మొదలైన వేళ. అమెరికాలో కొందరు టెలిగ్రాఫ్ ఉద్యోగులు బ్యాటరీలు తీసేసి, తీగల్లో పుట్టిన కరెంటుతోనే సందేశాలు పంపారు. ముంబయిలోని కొలాబా అబ్జర్వేటరీలోనూ ఆ తుపాను నమోదైంది.

కారింగ్టన్ క్యూ అబ్జర్వేటరీకి వెళ్లి అయస్కాంత రికార్డులు చూశాడు. వెలుగు కనిపించిన క్షణానే ముల్లు చిన్నగా కదిలింది, పదిహేడున్నర గంటలకు అసలు తుపాను వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టాడు కానీ ఒక్క ఉదాహరణతో సంబంధం తేల్చేయలేనన్నాడు. ఆ జాగ్రత్త సబబే. 15 కోట్ల కిలోమీటర్లను ఆ వ్యవధితో భాగిస్తే సెకనుకు 2,300 కిలోమీటర్లు దాటుతుంది. మామూలుగా సౌర విస్ఫోటాలకు ఒకటి నుంచి మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ ఒక్కదాన్నే పట్టుకుని సూత్రం రాసుంటే తప్పేది.

ఇప్పటికీ ఈ అంచనా కష్టమే. సూర్యుడి చుట్టూ ఎగసే పదార్థాన్ని కెమెరాల్లో చూసి వేగం కడతారు. అయినా రాక వేళలో సగటున పది గంటల తేడా మామూలు. పైగా దానితో వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటేనే దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆ దిశ కచ్చితంగా తెలిసేది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్‌1 దగ్గరున్న ఉపగ్రహాలను దాటేటప్పుడే. అప్పటికి గంటో, అంతకన్నా తక్కువో మిగులుతుంది.

1861లో కారింగ్టన్ కేంబ్రిడ్జి అబ్జర్వేటరీ డైరెక్టర్ పదవి ఆశించాడు. అది ఆడమ్స్‌కు దక్కింది. అదే ఏడాది మచ్చల పరిశీలనా ఆగిపోయింది. 1875లో, 49 ఏళ్లకే చనిపోయాడు.

2023 సెప్టెంబరు 2న, కారింగ్టన్ తుపాను తేదీనే, శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్‌1 బయల్దేరింది. విస్ఫోటాలను చూసే దాని ప్రధాన పరికరం బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌ది. డిగ్రీలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నవాళ్లు ఎమ్మెస్సీకి జామ్, ఆ తర్వాత పరిశోధనకు జెస్ట్ రాసి ఇటు రావచ్చు.