హెన్రీ వాట్సన్ ఫౌలరు: కారణపదములను తూచిన ఉపాధ్యాయుడు

ఆంగ్లభాషలో కారణమును దెలుపు మాటలు పెక్కు గలవు. బికాజ్, సిన్స్, యాజ్, ఫర్, ఓయింగ్ టు, డ్యూ టు, ఆన్ అకౌంట్ ఆఫ్ మొదలగు వానినన్నిటిని మన విద్యార్థులు వలన యనియో, కనుక యనియో యొక్కటే తీరున అర్థము చెప్పుకొని, ఏది ముందు తోచిన దానిని వ్రాసివేయుదురు. సెలవు చీటీలలో పెక్కింటికి డ్యూ టు అనునదియే తొలిమాట. ఈ మాటల భేదములను ఓపికతో తూచి చూపినవారిలో హెన్రీ వాట్సన్ ఫౌలరు ముఖ్యుడు. ఆయన పదునేడేండ్లు ఒకే పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండి, యొక కారణముచేత ఆ పని విడిచెను. ఆ కారణమును గూర్చియు నిందు చెప్పవలసియున్నది.

ఫౌలరు 1858వ సంవత్సరము మార్చి 10వ తేదీన ఇంగ్లాండు దేశమందు కెంటు మండలములోని టన్‌బ్రిడ్జి పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు ఫౌలరు కేంబ్రిడ్జి పట్టభద్రుడు. క్రైస్తవ గురువు, ఉపాధ్యాయుడు కూడ. హెన్రీ జ్యేష్ఠ పుత్రుడు. రగ్బీ పాఠశాలలో గ్రీకు లాటిను భాషలు నేర్చి, 1877లో ఆక్స్‌ఫర్డు నందలి బేలియల్ కళాశాల చేరెను. అచ్చట రెండవ తరగతిలో నుత్తీర్ణుడయ్యెను. కాని దైవశాస్త్ర పరీక్షయందు తప్పుటచే 1886 వరకు పట్టము చేతికి రాలేదు. ఇంతలో తండ్రి 1879లో గతించుటచే తమ్ముల చెల్లెలి భారము కొంత ఆయనపై బడెను.

ఎడింబరోలోని ఫెట్టెస్ కళాశాలలో కొలదికాలము పనిచేసి, 1882లో సెడ్బరు పాఠశాలకు వచ్చెను. ఇది కొండల నడుమ నున్న గ్రామము. ప్రతి ఉదయమును పరుగెత్తుట, చన్నీట నీదుట ఆయనకు మానని నియమములు. స్వభావముచే బిడియము గలవాడు; మితభాషి. బాలురు ఆయనను గౌరవించిరే గాని దగ్గరకు చేర వెనుదీయుచుండిరి. పాఠము చెప్పుటలో మాత్రము లోపమెంచినవారు లేరు.

ఆ పాఠశాలలో వసతిగృహాధిపత్యము పెద్ద పదవి. గౌరవమును ఆదాయమును దానివలన కలుగును. ప్రధానోపాధ్యాయుడు హార్టు దొర ఆ పదవిని ఫౌలరునకీయ దలచెను. అయితే గృహాధిపతి యగువాడు తన గృహమందలి బాలురను కన్ఫర్మేషనుకు, అనగా బాప్తిస్మము పొందిన పిల్లలు తమ విశ్వాసమును తామే ఒప్పుకొని సంఘమున స్థిరపడు ఆరాధనకు, సిద్ధపరుపవలెను. ఫౌలరునకు ఆ విశ్వాసము లేకుండెను. ఆరోగ్యము చాలదనియో, ఇంటి చిక్కులున్నవనియో చెప్పి తొలగుట లోకమున వాడుక. ఆయన యట్లు చేయక, నిజమైన హేతువునే హార్టు దొరకు తెలిపెను. వారిరువురకు పరస్పర గౌరవ ముండినను సమాధానము కుదరలేదు. 1899లో ఫౌలరు పాఠశాలను విడిచెను. అప్పటి కాయన వయస్సు నలువది యొకటి.

మిషను పాఠశాలలో పనిచేయు మాబోంట్లకు ఇది సులభముగ మింగుడుపడు వృత్తాంతము కాదు. గురువు ఇంట పుట్టి ఆయన విశ్వాసి కాకపోవుట నాకు విచారకరమే. అయినను, తాను నమ్మనిదానిని నోటితో బోధించుచు బాలురను ప్రభురాత్రి భోజనమునకు నడిపించి జీతము పుచ్చుకొనువానికంటె, ఆ జీతమును వదలుకొనినవాడే ఆ బాలుర కెక్కువ మేలు చేసెనని నా యభిప్రాయము. ఆయన విడిచిన పాఠశాలయు ఆయనను నిందింపలేదు.

తండ్రి యాస్తివలన వచ్చు సాలునకు 120 పౌనులు మాత్రమే ఆధారముగా ఆయన లండను నగరము చేరి, పత్రికలకు వ్యాసములు వ్రాయసాగెను. వానివలన పేరును రాలేదు, ధనమును రాలేదు. 1903లో గెర్న్‌సీ ద్వీపమునకు పోయి, తమ్ముడైన ఫ్రాన్సిస్ జార్జి ఫౌలరు చెంత కాపురముండెను. అన్నదమ్ములు దగ్గర దగ్గరగా చిన్న యిండ్లలో నివసించుచు, కలిసి పనిచేయుచుండిరి. గ్రీకు రచయితయైన లూషియను గ్రంథములను తెనిగించినట్లే చక్కని యింగ్లీషున దింపి 1905లో ప్రకటించిరి. మరుసటి యేడు కింగ్స్ ఇంగ్లీష్ అను గ్రంథము వెలువడెను. పత్రికలందును పేరుగన్న రచయితల పుస్తకములందును గల తప్పులను ఎత్తిచూపి సవరించిన పుస్తకమది. చిన్నవారు పెద్దవారి తప్పులు పట్టుట కొందరికి రుచింపకపోయినను, పుస్తకము చదివించుకొనెను.

1908లో, సరిగా ఏబదియవ జన్మదినమున, ఫౌలరు జెస్సీ మేరియన్ విల్స్ అను నామెను వివాహమాడెను. 1911లో అన్నదమ్ములు కూర్చిన కన్‌సైజ్ ఆక్స్‌ఫర్డు నిఘంటువు వచ్చెను. మన దేశమందలి పాఠశాలల పుస్తకశాలలలో పలువురు చూచియుండు పుస్తకమిదియే. ఇది ఆక్స్‌ఫర్డు వారి మహానిఘంటువునకు సంగ్రహము. కాని ఆ మహానిఘంటువు 1928 వరకు పూర్తికాలేదు. అందువలన అప్పటికి అచ్చుకాని అక్షరములకు సోదరులే సొంతముగ పాటుపడవలసి వచ్చెను.

మొదటి మహాసంగ్రామమున, 1915లో, ఏబదియేడేండ్ల ఫౌలరు తన వయస్సు నలువదినాలుగని చెప్పి సైన్యమున చేరెను. తమ్ముడును వెంట చేరెను. అంత సత్యవంతుడు ఇచ్చట మాత్రము కల్లలాడెను! ఫ్రాన్సులో వారిని యుద్ధమునకు పంపక, పాత్రలు కడుగుటకును బొగ్గు మోయుటకును ఉంచగా, సోదరులు వ్రాతపూర్వకముగ మొరపెట్టుకొనిరి. చివరకు ఆరోగ్యము చెడి ఫౌలరు తిరిగివచ్చెను. తమ్ముడు 1918లో క్షయచే మరణించెను. ఇరువురు మొదలిడదలచిన గొప్ప గ్రంథమును ఒంటరిగా ముగింపవలసిన వాడయ్యెను.

ఆ గ్రంథమే 1926లో వెలువడిన మాడరన్ ఇంగ్లీష్ యూసేజ్. తమ్ముని స్మృతికే దీనిని అంకితమిచ్చెను. అక్షరక్రమమున అమర్చిన యిందులో కారణపదముల విచారణ పలుచోట్ల గలదు. డ్యూ అనిన నేమి? చెల్లవలసినది యని. ఓయింగ్ అనినను ఋణపడియున్నదనియే. కార్యము కారణమునకు ఋణపడియున్నదను భావము రెండింటియందును గలదు. అయిన నేమి భేదము? ఓయింగ్ టు వాడుకచేత ప్రిపోజిషనై, మొత్తము వాక్యముతో అన్వయించును. డ్యూ మాత్రము విశేషణము. దాని కొక నామవాచకము ఆధారముగా నుండవలెను. హిజ్ ఆబ్సెన్స్ వాజ్ డ్యూ టు ఫీవర్ అనిన యుక్తము. డ్యూ అనునది ఆబ్సెన్స్ నాశ్రయించినది. డ్యూ టు ఫీవర్ హీ వాజ్ ఆబ్సెంట్ అనినచో డ్యూ దేనికి విశేషణము? హీ జ్వరమునకు బాకీ పడలేదు గదా! అచ్చట ఓయింగ్ టు ఉండవలెనని ఫౌలరు తీర్పు.

ఈ భేదము తెల్లవారి పిల్లలకంటె తెలుగు పిల్లలకు సులభముగ పట్టువడవలెను. మనకు వలన యున్నది, వలని యున్నది. జ్వరమువలన రాలేదందుము, జ్వరమువలని నీరసమందుము. జ్వరమువలని రాలేదని ఎవ్వడును అనడు. డ్యూ టు వ్రాసినచోట వలని, వలనిది అని పెట్టి చదివిచూచినచో తప్పు చెవికే తెలియును. వ్యాకరణ సూత్రము కంఠస్థము చేయనక్కరలేదు.

ది రీజన్ ఈజ్ అని మొదలుపెట్టి బికాజ్ అని కొనసాగించుట మరియొక దోషము. అచ్చట దట్ ఉండవలెను. కారణమని చెప్పిన తరువాత మరల కారణపద మెందులకు? మనవారును కారణమేమనగా అని యెత్తుకొని కాబట్టి అని దించుట కలదు. ఇక యాజ్ అను మాటతో కారణము చెప్పునపుడు, ఆ భాగము ప్రధానవాక్యమునకు ముందుండిన బాగు. వెనుక తోకవలె తగిలించుట ఫౌలరునకు గిట్టదు. వాన కురిసినందున ఏరు పొంగెననుటయే మన నుడికారము గనుక, మన మీ తప్పు చేయనక్కరలేదు.

ఇంతమాత్రమున ఆయనను చాదస్తుడని తలపరాదు. హేతువు లేని నియమములను ఆయనయే పరిహసించెను. వాక్యము చివర ప్రిపోజిషను రాకూడదను పాతమాటను మూఢనమ్మకమని త్రోసివేసెను. 1965లో సర్ ఎర్నెస్టు గోవర్సు ఈ గ్రంథమును సవరించి ప్రకటించెను. డ్యూ టు విషయమున ఫౌలరు తీర్పును లోకము పాటింపలేదు. నేటి నిఘంటువులు ఆ ప్రయోగమును దోషముగా నెంచుట లేదు. అయినను వాక్యమున ఏ మాట దేనిని ఆశ్రయించినదో తరచి చూచు అభ్యాసమునకు దీనికంటె మంచి పాఠము నేనెరుగను.

1925లో దంపతులు సోమర్సెట్టు మండలమున హింటన్ సెయింట్ జార్జి గ్రామము చేరిరి. 1926లో, అరువదియెనిమిదేండ్ల ఫౌలరునకు శ్రమ తగ్గుటకై సేవకు నొకని జీతమిచ్చి పెట్టెదమని ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమువారు తెలిపిరి. ఆయన నిరాకరించెను. తా నా ఉదయమున రెండు మైళ్లు పరుగెత్తి, పొరుగువారి చెరువులో నీదితి ననియు, ఇంచుమించు ముప్పదియేండ్లుగా సేవకులు లేకపోవుటయే తన బలమునకు కారణమనియు బదులు వ్రాసెను. 1930లో భార్య గతించెను. 1933 డిసెంబరు 26వ తేదీన, క్రిస్మసు మరునాడు, ఫౌలరు తనువు చాలించెను. అప్పు డాయన చేతిలో మరియొక నిఘంటువు పని యుండెను. అది ముగియలేదు.