ఇరేనే డ్యుపాంట్

తుపాకిమందు తయారగు చోట ఒక్క నిప్పురవ్వ పుట్టినను పలువురి ప్రాణములు పోవును. అట్టి అపాయకరమైన పరిశ్రమను నెలకొల్పి, పనివారి ప్రాణరక్షణమునకు యజమానియే బాధ్యుడని తన నడవడిచే చూపినవాడు ఎల్యూతేర్ ఇరేనే డ్యుపాంట్.

ఇరేనే 1771వ సంవత్సరమున పారిస్ నగరమున జన్మించెను. అతని తండ్రి పియేర్ పేరుపొందిన అర్థశాస్త్రవేత్త. తండ్రి మిత్రుడైన టర్గో అను రాజనీతిజ్ఞుడు స్వేచ్ఛ, శాంతి అను అర్థములు వచ్చునట్లు ఆ శిశువునకు పేరు పెట్టించెను. యౌవనమున ఇరేనే సుప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడగు లవాయిజేకు శిష్యుడై, ప్రభుత్వ కర్మాగారమున తుపాకిమందు చేయు విద్య నేర్చెను. ఫ్రెంచి విప్లవకాలమున, 1794లో, లవాయిజే శిరచ్ఛేదమునకు గురియయ్యెను. ఇరేనే తండ్రియు చెరసాల పాలయ్యెను. పిదప ఆ కుటుంబము స్వదేశమును వీడి, 1800 జనవరి 1వ తేదీన అమెరికా తీరము చేరెను.

ఆ దినములలో అమెరికాలో తయారగు తుపాకిమందు నాసిరకముగా నుండెను. తాను నేర్చిన విద్య అక్కడ అక్కరకు వచ్చునని ఇరేనే గ్రహించెను. 1802లో డెలవేర్ రాష్ట్రమందు, బ్రాండివైన్ నది ఒడ్డున, మిల్లులు కట్టింప నారంభించెను. నదీజలము యంత్రములను త్రిప్పెను. గట్టుపై పెరుగు చెట్ల కలప బొగ్గునకు పనికివచ్చెను. సురేకారము భారతదేశమునుండి ఓడలలో చేరుచుండెను.

ఆ మిల్లుల కట్టడము విచిత్రమైనది. ఒక్కొక్క మిల్లునకు మూడు వైపుల దళసరి రాతిగోడలుండెను. నదివైపు గోడయు, పైకప్పును మాత్రము తేలికయైన కొయ్యతో కట్టబడెను. ప్రేలుడు సంభవించినచో దాని ధాటి నదిమీదికి పోవును. ప్రక్క మిల్లులు నిలుచును. ఇరేనే తన గృహమును దూరముగ నున్న పట్టణమున గాక, ఆ మిల్లులకు ఎగువన గుట్టపైనే కట్టించుకొనెను. పనివారికి కలుగు అపాయము తన భార్యాబిడ్డలకును కలుగవలసినదే.

1811లో ఆయన పనివారికి నియమములను ఏర్పరచెను. మిల్లు ఆవరణమున ఆటలును, అల్లరియు కూడదు. మద్యము తేరాదు. నిప్పు పుట్టించు వస్తువేదియు లోనికి రాకూడదు. క్రొత్తగా కట్టిన మిల్లును యజమానులలో ఒకరు స్వయముగా నడిపి చూచిన పిమ్మటగాని పనివారు అందు అడుగిడరాదను ఆచారమును ఆ సంస్థలో నెలకొనెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఆపద తప్పలేదు. 1815లో ప్రేలుడు సంభవించి తొమ్మిదిమంది మరణించిరి. 1818 మార్చినెలలో అంతకంటె ఘోరమైన ప్రేలుడు ముప్పదిమందికి పైగా ప్రాణములను హరించెను. గుట్టపైనున్న ఇల్లు దెబ్బతినెను. ఇరేనే భార్య సోఫీ గాయపడెను. అప్పటికే ఆయన అప్పులలో మునిగియుండెను. మిల్లులను అమ్మివేసి మరియొక వృత్తి చేపట్టినను ఆక్షేపించువారు లేరు. కాని ఆయన అట్లు చేయలేదు. మరణించినవారి భార్యలకును, బిడ్డలకును భరణము ఏర్పరచి, మిల్లులను తిరిగి కట్టించెను.

1834లో ఫిలడెల్ఫియా నగరమున ఇరేనే పరమపదించెను. ఆయన ఏర్పరచిన మార్గమును కుమారులు విడువలేదు. 1857లో మిల్లులో సంభవించిన ప్రేలుడులో ఆయన కుమారుడు అలెక్సిస్ పనివారితోబాటు ప్రాణములు కోల్పోయెను. 1921లో బ్రాండివైన్ మిల్లులు మూతపడునప్పటికి అచట మొత్తము 288 ప్రేలుళ్లు జరిగి, 228 మంది మరణించిరి. నేడు ఆ స్థలము ఒక ప్రదర్శనశాల. నదివైపు తెరచియున్న ఆ రాతిగోడలు ఇప్పటికిని నిలిచియున్నవి.

ఇరేనే ప్రమాదములను పూర్తిగా తొలగింపజాలడయ్యెను. కాని, నియమములను గోడకు వ్రేలాడదీసినంత మాత్రమున పనివారికి రక్షణ చేకూరదని ఆయన ఎరుగును. ఆజ్ఞాపించువాడు తానును ఆ అపాయమునకు చేరువలో నివసించి, ముందుగా తానే ఆ నియమములను పాటించినప్పుడే ఇతరులు వానిని మనసార పాటింతురు. పెద్ద పరిశ్రమలను నడుపువారు ఇరేనే జీవితమునుండి నేర్వదగిన పాఠమిదియే.