ఎస్కోఫియే పాకం

లండను నగరంలో హేమార్కెట్, పాల్‌మాల్ వీధులు కలిసే మూలలో కార్ల్‌టన్ అనే గొప్ప హోటలు ఉండేది. 1899లో తెరచిన ఆ సౌధం 1940లో బాంబు దెబ్బకు గురియై మూతపడినది. 1957-58లో దానిని పూర్తిగా నేలమట్టం చేశారు. ఆ స్థలంలో ఇప్పుడు న్యూజిలాండ్ హౌస్ అనే ఎత్తైన కట్టడం నిలిచి ఉన్నది. అయినా ఆ హోటలులో తుదిరూపం దిద్దుకొన్న ఒక వంటకం మాత్రం దేశదేశాల భోజనశాలల పట్టికలలో నేటికీ కానవస్తున్నది. దాని పేరు పీచ్ మెల్బా. పేరు నిలిచినంత మాత్రాన రుచి నిలిచినట్లేనా అన్న సందేహం దానిని కల్పించినవానికే జీవితకాలంలో కలిగినది.

ఆయన ఆగుస్త్ ఎస్కోఫియే. 1846 అక్టోబరు 28న దక్షిణ ఫ్రాన్సులో నీస్ నగర సమీపాన విల్‌నవ్-లూబే అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి కమ్మరి. పిల్లవానికి శిల్పి కావాలని కోరిక ఉండేది. కాని పదమూడవ యేటనే నీస్‌లో పినతండ్రి నడిపే భోజనశాలలో పనికి కుదిర్చారు. నాటి వంటశాలలంటే పొగ, ఉక్క, కేకలు, తిట్లు, తాగుడు. ఆ నరకంలో పెరిగినవాడే తరువాత తన పొయ్యిల వద్ద అరపులను నిషేధించి, వంటవారికి మద్యానికి బదులు బార్లీ నీరు ఏర్పాటు చేశాడు. పని భాగాలను విభజించి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్కనిని బాధ్యుని చేశాడు. వేపుడు ఒకని వంతు, పులుసు ఒకని వంతు, మిఠాయి మరొకని వంతు. పెద్ద హోటళ్ల వంటశాలలలో నేటికీ సాగుతున్నది చాలవరకు ఆ పద్ధతియే.

1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు ఆయన సైన్యంలో వంటవాడుగా చేరి, మెట్జ్ కోట ముట్టడిలో చిక్కుకొన్నాడు. తిండిగింజలు కరవై, సైనికులు గుర్రపు మాంసం తినవలసివచ్చినది. దాని చేదు విరగడానికి ముందుగా మరుగునీటిలో ఉడికించి, చల్లార్చి, పిమ్మట వండేవాడట. ఆహారాన్ని డబ్బాలలో నిలువచేసే విద్యపై ఆయనకు ఆసక్తి కలిగినది ఆ ఆకలి దినాలలోనే. రాజులకు వడ్డించినవానికి ఆకలి విలువ తెలియదని అనుకోరాదు.

అటుపిమ్మట మాంటికార్లోలో సీజర్ రిట్జ్ అనే హోటలు నిర్వాహకునితో స్నేహం కుదిరినది. 1890లో ఇద్దరూ లండనులోని సేవాయ్ హోటలుకు వెళ్లారు. 1898లో యాజమాన్యం వారిని తొలగించినది. సరకులు అమ్మే వర్తకుల నుండి ముడుపులు పుచ్చుకొన్నట్లు ఎస్కోఫియే 1900లో సంతకం చేసిన పత్రం చిరకాలం మరుగున ఉండి, 1980లలో బయటపడినది. మహనీయుల చరిత్రలు వ్రాసేవారు ఇట్టి పుటలను దాటవేయడం మామూలు. ఇది వంటల గొప్పతనాన్ని తగ్గించదు. మనిషిని యథాతథంగా చూపుతుంది.

సేవాయ్‌లో ఉండగానే పీచ్ మెల్బాకు బీజం పడినది. ఆస్ట్రేలియా గాయని నెల్లీ మెల్బా వాగ్నర్ రచించిన లోహెన్‌గ్రిన్ సంగీతనాటకంలో పాడినది. ఆ నాటకంలో హంస ఒకటి వస్తుంది. ఎస్కోఫియే మంచుగడ్డతో హంసను చెక్కించి, దాని రెక్కల నడుమ వెండి గిన్నెలో వెనిలా ఐస్‌క్రీము, దానిపై పీచ్ పండ్లు అమర్చి ఆమెకు సమర్పించాడు. శిల్పి కావాలన్న బాల్యపు కోరిక ఆ విధంగా తీరినదేమో! కార్ల్‌టన్‌కు వచ్చిన తరువాత హంసను విడిచిపెట్టి, రాస్‌బెర్రీ పండ్ల గుజ్జును చేర్చాడు. వంటకం అక్కడ పూర్తియైనది.

ఇందులో ఉన్నవి మూడే: బాగా మాగిన పీచ్ పండు, వెనిలా ఐస్‌క్రీము, పంచదార కలిపిన రాస్‌బెర్రీ గుజ్జు. పండును రెండు క్షణాలు మరుగునీటిలో ముంచి, వెంటనే మంచునీటిలో వేసి తొక్క తీయాలి. ఇంత సులభమైన దానినే ఇతర హోటళ్లవారు పాడుచేశారు. గుజ్జు చిక్కబడడానికి ఒకరు పాలగుండ కలిపారు. మరొకరు పైన మీగడ నురుగు పోశారు. రాస్‌బెర్రీకి బదులు స్ట్రాబెర్రీ జాము వేసినవారూ ఉన్నారు. ఎస్కోఫియేకు ఇది మనస్తాపం కలిగించినది. తన పేరు కన్న తన కొలత చెడిపోవడమే ఆయనకు ఎక్కువ బాధ.

అంతకుముందే, 1903లో, ఫిలియాస్ జిల్బేర్, ఎమిల్ ఫెతూ మొదలైనవారి సహకారంతో ఆయన పాకగ్రంథం వెలువడినది. అందులో 5,000కు పైగా పాకాలు ఉన్నవి. వెనుకటి తరం ఆచార్యుడు కారెమ్ నాటి ఆడంబరపు వంటలను సడలించి, అనవసరపు అలంకారాలను తీసివేసి, నాటివారికి పనికివచ్చేటట్లు సంస్కరించాడు. పాతవంటను తిరిగి వండడమంటే పాత భేషజాన్ని తిరిగి కట్టడం కాదని ఆయన ఉద్దేశం. వృత్తిరహస్యాన్ని గుప్పిట మూసి దాచుకొనే కాలంలో గుప్పిట విప్పడమే సాహసం.

అయితే ఆ గ్రంథం పామరునికి కాదు. ఒక్కొక్క పాకం రెండు మూడు వాక్యాలలో సూత్రప్రాయంగా ముగుస్తుంది. పొయ్యి సెగ ఎంత, పండు ఏపాటి మెత్తన అన్నది చేయి తిరిగినవాడే ఎరుగును. మన ఇండ్లలో అవ్వలు చెప్పే “తగినంత ఉప్పు” వంటిదే ఇదీ. వ్యాఖ్యానం లేని సూత్రం విద్యార్థిని ఎంత కష్టపెట్టునో భాషాశాస్త్రం చదివినవారికి చెప్పనక్కరలేదు. పైగా ఆయన ఏరికోరి చెప్పినది పారిస్ చెంత మోంత్రెయ్ గ్రామపు పీచ్ పండ్లను. ఎండ వేడిని పట్టి ఉంచే గోడలను ఆనుకొని అక్కడి చెట్లు పెరిగేవి. నగరం విస్తరించగా ఆ తోటలలో మిగిలినవి కొద్ది మాత్రమే. కనుక నేడు కార్ల్‌టన్ రుచిని తిరిగి సాధించదలచినవాడు హోటలును కాదు, ముందుగా పండును వెదకవలసి ఉన్నది.

ఎస్కోఫియే 1920 ప్రాంతంలో కార్ల్‌టన్‌ను విడిచి మాంటికార్లోలో స్థిరపడినాడు. ఫ్రెంచి ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదుతో గౌరవించినది. 1935 ఫిబ్రవరిలో భార్య డెల్ఫీన్ మరణించిన కొద్ది రోజులకే, 12వ తేదీన, తన 88వ యేట ఆయనా కన్నుమూశాడు. జన్మించిన ఇంటిని 1966లో పాకకళా ప్రదర్శనశాలగా మార్చారు.