గిరిగారు విడిచిన పదవులు

పలాసలో జీడిగింజలు కొను వర్తకుడు నాలుగు గింజలు కోసి లోని పప్పు చూడనిదే బేరమునకు దిగడు. ఉద్దానపు తోటలో కొబ్బరికాయ కొనువాడు దానిని చెవియొద్ద ఆడించి చూచును. ఇంత జాగరూకులగు మనవారు లోకసభకు పంపదగినవానిని ఎంచునపుడు మాత్రము కులమేదని యొకమారు, ధనమెంతయని యొకమారు అడిగి యూరకుండుచున్నారు. అభ్యర్థి వాగ్దానములు వినుటకంటె, అతడు ఏ పదవిని ఎందులకు విడిచెనో, విడిచిన పిమ్మట ఎవరి చేయూతతో పైకెక్కెనో విచారించుట మేలని మా యభిప్రాయము. ఈ కొలత ఎంతవరకు నిలుచునో చూచుటకు వరాహగిరి వేంకటగిరిగారి జీవితముకంటె తగినది మాకు తోచలేదు.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. ఆ పట్టణము నాడు మద్రాసు రాజధానిలోనిది. తండ్రి జోగయ్యపంతులుగారు న్యాయవాది. న్యాయశాస్త్రము చదువుటకై డబ్లినునకేగిన గిరిగారు అచటి స్వాతంత్ర్యోద్యమమున అభిమానము పెంచుకొని, 1916 తిరుగుబాటు పిమ్మట ఆ దేశము విడిచి రావలసివచ్చెను. ఇచట వకీలువృత్తి వదలి, 1922లో కారాగారమును చూచిరి. పలాసమీదుగా పోవు ఇనుపదారి నాడు బెంగాలు నాగపూరు రైల్వేది. ఆ రైల్వే కార్మికులను కూడగట్టుటతో వారి ఖ్యాతి మొదలయ్యెను. అఖిలభారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో వారొకరు.

1937లో వారు బొబ్బిలిలో రాజాగారినే యెదిరించి నిలిచిరి. రాజాగారు మద్రాసు మంత్రివర్గమునకు నాయకత్వము వహించినవారు. జమీందారు గ్రామములలో కాంగ్రెసువారి పసుపుపెట్టెలో చీటి వేయుట సామాన్యసాహసము కాదు. మూడేండ్లకు, 1940లో, మన మందసా జమీనులో పోలీసు తుపాకులకు వీరగున్నమ్మ బలియైన సంగతి తలచినచో ఆ కాలపు భయము తెలియగలదు. అయినను రాజాగారు ఓడిరి. గిరిగారు రాజాజీ మంత్రివర్గములో కార్మికశాఖ వహించి, 1939లో తక్కినవారితోపాటు తప్పుకొనిరి. అది కాంగ్రెసు ఆజ్ఞ. దానిని వారి లెక్కలో మేము చేర్చము.

1952లో టెక్కలికి అనతిదూరముననున్న పాతపట్నము పేరిటి నియోజకవర్గము వారిని లోకసభకు పంపెను. నెహ్రూగారు కార్మికశాఖ నిచ్చిరి. బ్యాంకు ఉద్యోగుల జీతముల విషయమున న్యాయస్థానమిచ్చిన తీర్పును మంత్రివర్గము ఉద్యోగులకు నష్టముగ మార్చగా, 1954 ఆగస్టులో గిరిగారు రాజీనామా యిచ్చిరి. తరిమినవారు లేరు, మరియొక పదవి సిద్ధముగ లేదు. వోటరు వెదకవలసిన పప్పు ఇదియే.

1957లో పార్వతీపురమున వారు ఓడిరి. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గము. గిరిజనులిద్దరును నెగ్గి, సామాన్యస్థానము సయితము డిప్పల సూరిదొరగారికి దక్కెను. గిరిజనుడు సామాన్యస్థానమునకు చెల్లడని గిరిగారు న్యాయస్థానముల కెక్కిరి; 1959లో సుప్రీంకోర్టు వారి వాదమును త్రోసిపుచ్చెను. కార్మికుల పక్షమున పదవి విడిచినవారు తమ పదవికై గిరిజనునితో తగవులాడుట మాకు రుచింపదు. ఓడిన యేటనే వారు ఉత్తరప్రదేశ్ గవర్నరైరి గనుక పదవిలేని దినములలో వారి నడత ఎట్టిదో చూచు నవకాశము మనకు మిక్కిలి లేదు. నేటి అభ్యర్థుల విషయమున ఆ యవకాశము కలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన తోటలను కూల్చినపుడు, మూత్రపిండవ్యాధి ఇంటింటను పీడించుచుండగా, పదవిలేని యే నాయకుడు ఏమి చేసెనో ఉద్దానమువారికి తెలియనిదా?

1969లో గిరిగారు ఉపరాష్ట్రపతి పదవిని విడిచి రాష్ట్రపతి పదవికి నిలిచిరి. కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు. అంతరాత్మననుసరించి వోటు వేయుడని ఇందిరాగాంధీగారు సభ్యులకు చెప్పిరి. తుదిలెక్కలో గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 వచ్చెను. రెడ్డిగారిపై పేరులేని కరపత్రమొకటి పార్లమెంటులో తిరిగినదను వ్యాజ్యమున రాష్ట్రపతియే సాక్ష్యమిచ్చిరి. ఎన్నిక చెల్లునని 1970లో తీర్పు వచ్చెను. ఈ రాజీనామాను 1954 నాటి దానితో సమానముగ తూచుట పొరపాటు. ఇది పెద్ద మెట్టెక్కుటకు చిన్న మెట్టు విడుచుట. ఎక్కించిన చేయి ప్రధానమంత్రిది.

దాని ఫలము తరువాత కనబడెను. 1973లో ముగ్గురు పెద్ద న్యాయమూర్తులను దాటి నాలుగవవారిని ప్రధానన్యాయమూర్తిగ నియమించినపుడు గిరిగారు సంతకము చేసిరి. రాష్ట్రపతి మంత్రుల సలహాకు లోబడవలెననుట నిజమే. కాని 1954లో మంత్రియు మంత్రివర్గమునకు లోబడవలసినవాడే కదా!

1974 మే 8వ తేదీన దేశమంతట రైల్వేసమ్మె మొదలయ్యెను. దానికి ముందు నిలిచినది గిరిగారు నెలకొల్పుటకు పూనుకొన్న ఆ సమాఖ్యయే. వేలకొలది కార్మికులు చెరసాల పాలైరి. ఆ నెల 27వ తేదీన సమ్మె విరమింపబడెను. ఆ దినములన్నియు గిరిగారు రాష్ట్రపతిభవనముననే యుండిరి. ఆగస్టులో వారి పదవీకాలము ముగిసెను. మరల అభ్యర్థిత్వము లభింపలేదు. 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో దివంగతులైరి.