టపా దారిలో మరోసారి

మన బడికి యాభై ఏళ్లు నిండాయి, సావనీరుకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడగగానే నాకు జె.ఆర్.డి. టాటా గారు గుర్తొచ్చారు. తన జీవితంలో ఒక స్వర్ణోత్సవాన్ని ఆయన జరిపిన తీరు అలాంటిది.

ఆయన 1904లో పారిస్‌లో పుట్టారు. తల్లి ఫ్రెంచి వనిత. 1929లో మన దేశంలో మొదటి పైలట్ లైసెన్సు ఆయనకే దక్కింది. మరుసటి ఏడాది భారత్, ఇంగ్లండుల మధ్య ఒంటరిగా విమానం నడిపే ఆగాఖాన్ పోటీలో దిగారు. ఎదురు దిశలో వస్తున్న పోటీదారు ఆస్పీ ఇంజనీర్, ఈజిప్టులో స్పార్క్ ప్లగ్ లేక చిక్కుకుపోయి కనిపించాడు. టాటా గారు తన దగ్గరున్న స్పేరు ఇచ్చేశారు. బహుమతి ఆస్పీకే వచ్చింది. ఇంజనీరును కాబట్టి నాకు ఈ ప్లగ్గు సంగతంటే మరీ ఇష్టం.

ఆ రోజుల్లో లండన్ టపా విమానంలో కరాచీ దాకా వచ్చేది. దాన్ని దక్షిణాదికి కూడా విమానంలోనే చేర్చాలన్నది నెవిల్ వింట్సెంట్ అనే పైలట్ ఆలోచన. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వనంది. అయినా 1932 అక్టోబరు 15న, 28 ఏళ్ల టాటా గారు ఒంటి ఇంజను పుస్ మాత్‌లో టపా సంచులతో కరాచీలో బయలుదేరి, అహ్మదాబాదులో పెట్రోలు పోయించుకుని, బొంబాయిలోని జుహూలో దిగారు. అక్కడి నుంచి వింట్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చారు. విమానంలో రేడియో లేదు. జుహూ మైదానం వానాకాలంలో నీళ్లలో ఉండేది. అలాంటి పరిస్థితుల్లోనూ తొలి ఏడాది టపా నూటికి నూరుపాళ్లు వేళకు చేరిందని ప్రభుత్వ నివేదికే మెచ్చుకుంది. ఆ సర్వీసే పెరిగి ఎయిర్ ఇండియా అయింది.

1953లో దాన్ని జాతీయం చేశాక కూడా ఆయనే ఛైర్మన్‌గా కొనసాగారు. 1978లో ప్రభుత్వం ఆయన్ను తప్పించింది. నాలుగేళ్లకు ఆ తొలి ప్రయాణానికి యాభై ఏళ్లు నిండాయి. అప్పటికి కరాచీ పరాయి దేశం, ఆయన వయసు 78. అయినా లెపర్డ్ మాత్ అనే పాతకాలపు చిన్న విమానంలో అదే దారిన మళ్లీ జుహూ చేరారు. కష్టమైన పనిని చక్కగా చేయడంలోని ఆనందాన్ని కుర్రకారుకు గుర్తుచేయాలన్నది ఆయన ఉద్దేశం.

1993లో ఆయన కన్నుమూశారు. మన ఉత్సవం ముగిశాక షామియానాలు విప్పేస్తారు, బడి మళ్లీ నడుస్తుంది. పూర్వ విద్యార్థులం నెలకొకరం వచ్చి పిల్లలతో ఒక పూట మన పని గురించి మాట్లాడితే ఎలా ఉంటుందో సంఘం పెద్దలు, ఉపాధ్యాయులు ఆలోచించాలి. మొదటి నెల నేను వస్తాను. ఒక పాత ఇంజను తెచ్చి, పిల్లల చేతే విప్పిస్తాను.